లాంగ్ రన్ చివర కేకు ముక్క: 12 వారాల డైరీ

ఆదివారం లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగు), దానికి జతగా ఒక బేకరీ, ఒక కేకు, ఆ కేకుకి పదికి మార్కులు. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే 21.1 కి.మీ., పూర్తి చేయడం లక్ష్యం. జూన్ మొదటి వారంలో మొదలుపెట్టాం. పరుగెత్తింది ఇద్దరం: ఒకరు 68 కిలోలు, ఒకరు 55. మొదటి మూడు వారాల లెక్క మొత్తం తప్పింది. ఇదే పని చేయాలనుకునేవాళ్లకి ఆ తప్పులే ఎక్కువ పనికొస్తాయి కాబట్టి వాటిని వివరంగా రాశాం.

సామాను: ఒక గ్రాము వరకూ చూపించే వంటింటి తూకం మిషన్, జీపీఎస్ వాచీ, గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీ, నడుం బెల్టు, 250 మి.లీ. మెత్తటి సీసాలు రెండు, వంటకి వాడే గుచ్చే థర్మామీటర్, బటర్ పేపర్, జిప్ కవర్‌లో నగదు. నగదు ఎందుకంటే, చెమట పట్టిన వేలికి ఫోన్ తెర పలకదు. యూపీఐ పిన్ కొట్టడానికి రెండోవారం కౌంటర్ దగ్గర నాలుగు నిమిషాలు పోయాయి.

దశ 1 (1–3 వారాలు): దారి మధ్యలో పేస్ట్రీ

వేసుకున్న పథకం:

1. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర ఉదయం 5:15కి మొదలు.
2. సగం దూరంలో బేకరీ దగ్గర ఆగి పేస్ట్రీ తినడం, మార్కులు వేయడం.
3. మిగతా సగం పరుగెత్తి వెనక్కి రావడం.

రెండో మెట్టు మూడు వారాలూ దెబ్బకొట్టింది, ప్రతిసారీ వేరే కారణంతో.

మొదటి వారం (8 కి.మీ.) షట్టర్లు. దారిలో చూసుకున్న మూడు బేకరీలూ మూసే ఉన్నాయి. ఆ తర్వాత ఫోన్లు చేసి కనుక్కుంటే, వీధి చివర ఉండే అయ్యంగార్ బేకరీలు ఏడింటికి అటూ ఇటూ తెరుస్తున్నాయి. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ పేస్ట్రీ షాపులు పది దాటాకే. జూన్‌లో పదింటికి రోడ్డు మీద పరుగు కుదరదు.

రెండోవారం (10 కి.మీ.) 6:30కి బయల్దేరాం. షాపు తెరిచే ఉంది, కానీ గాజు పెట్టెలో ఉన్నది నిన్నటి సరుకు. మేము వెళ్లిన చాలాచోట్ల పేస్ట్రీ ట్రేలు షాపులో తయారుకావు, వేరేచోట చేసి పొద్దెక్కాక బండిలో తెస్తారు. పొద్దున్నే దొరికేది రాత్రి మిగిలినదే. క్రీమ్ అంచు ఎండి సన్నగా పగిలి ఉంటే, స్పాంజి అడుగున షుగర్ సిరప్ దిగి తడిగా ఉంటే అది పాతది. అడగాల్సిన మాట ఒక్కటే: "అన్నా, ఈ ట్రే ఇవాళ్టిదా, నిన్నటిదా?" ముఖం మీద అడిగితే దాదాపు అందరూ నిజమే చెప్పారు.

మూడోవారం (12 కి.మీ.) కడుపు. 6 కి.మీ. దగ్గర ఒక పైనాపిల్ పేస్ట్రీ మొత్తం తిని పరుగు అందుకుంటే, 8.5 దగ్గర డొక్కలో పోటు, పుల్లటి తేన్పులు. 1.5 కి.మీ. నడవాల్సి వచ్చింది. అదే షాపులో అదే రకం ఇంకొకటి కొని, ఇంట్లో కత్తితో క్రీమ్ గీసి విడివిడిగా తూచాం:

మొత్తం 96 గ్రా.
క్రీమ్ 46 గ్రా.
సిరప్ పట్టిన స్పాంజి 38 గ్రా.
పైనాపిల్ ముక్కలు 12 గ్రా.

బరువులో దాదాపు సగం క్రీమే. మామూలు స్పాంజి పాళ్లు, విప్పింగ్ క్రీమ్ డబ్బా మీది లెక్క కలిపి చూస్తే ఒక ముక్కలో పిండిపదార్థం 35 గ్రా., కొవ్వు 15 గ్రా., 285 కేలరీలు వచ్చాయి. విడి ముక్కలకి లేబుల్ ఉండదు కాబట్టి ఇవి సుమారు అంకెలే. కొవ్వు ఉన్న తిండి కడుపులోంచి నెమ్మదిగా దిగుతుంది. పైగా పరుగులో రక్తం కాళ్లకి మళ్లి జీర్ణకోశానికి తగ్గుతుంది. రెండూ కలిసినప్పుడు పేస్ట్రీ ఎక్కడిదక్కడే ఆగిపోయింది. తప్పు తయారీది కాదు, మేము తిన్న సమయానిది.

ఆగడం వల్ల జరిగిన నష్టం ఇంకా పెద్దది. 12 కి.మీ.కి కదిలిన సమయం 82 నిమిషాలు, గడిచిన సమయం 117. మనం ఆగగానే గడియారాన్ని ఆపేసే ఆటో-పాజ్ పెట్టుకుంటే వాచీ మొదటి అంకె మాత్రమే చూపించి మోసం చేస్తుంది. దాన్ని ఆపేయండి. రెండుసార్లు ఆగినప్పుడూ గుండె వేగం 148 నుంచి 96కి పడింది, మళ్లీ మొదలుపెట్టిన మొదటి కిలోమీటరు పిక్కలు బిగిసి 40 సెకన్లు నెమ్మదించింది. జరిగింది 12 కి.మీ. పరుగు కాదు, మూడు చిన్న పరుగులు. లాంగ్ రన్ ఇచ్చే లాభం ఆగకుండా ఉండటంలోనే ఉంది.

నిజానికి గంటన్నర లోపు పరుగుకి మధ్యలో తిండి అవసరమే లేదు. కండరాల్లో నిల్వ ఉన్న చక్కెర (గ్లైకోజన్) సరిపోతుంది, నీళ్లు చాలు.

ఇప్పటివరకు: పరుగు 81 కి.మీ. (24 + 27 + 30). కేకులు 5. ఖర్చు రూ. 500.

దశ 2 (4–6 వారాలు): కేకు చివరికి

మార్చింది ఒక్కటే, అది మార్చాక మిగతావన్నీ వాటంతట అవే మారాయి: కేకు పరుగు మధ్యలో కాదు, పరుగు ఆగేచోట. అంటే ముందు షాపు ఎంచుకుని, అది తెరిచే వేళని బట్టి ఏ పరుగు, ఎప్పుడు అన్నది తేల్చుకోవాలి.

1. పొద్దున్నే తెరిచే పాత బేకరీలు, ఇరానీ హోటళ్లు: ఆదివారం లాంగ్ రన్ చివర.
2. ఆలస్యంగా తెరిచే పేస్ట్రీ షాపులు: బుధవారం సాయంత్రం 6–8 కి.మీ. తేలిక పరుగు చివర. ఆ వేళకి ట్రే కూడా ఆరోజుదే.
3. ఇంటికి తిరుగు ప్రయాణం మెట్రోలో. పరుగెత్తి వెళ్లిన దారినే కేకు డబ్బాతో పరుగెత్తి రాకూడదు.

మూడోది చెప్పినంత తేలిక కాలేదు. గాజు పెట్టెలోంచి తీసినప్పుడు 7 డిగ్రీలున్న క్రీమ్, మామూలు అట్టపెట్టెలో 40 నిమిషాలకి 19 డిగ్రీలకి చేరింది. పై పొర పక్కకి జారి మూతకి అంటుకుంది. రెండోసారి, బెల్టు సీసాల్లో ఒకదాన్ని సగం నీళ్లతో గడ్డకట్టించి, చేతి తువ్వాలులో చుట్టి, పేస్ట్రీ పెట్టెని దాని మీద పెట్టి గుడ్డసంచిలో వేశాం. అదే 40 నిమిషాలకి 11 డిగ్రీలు. పరుగు గంట లోపు కాబట్టి ఐసు కరిగిపోయే భయం లేదు. అంతకన్నా పొడవైతే ఈ ఉపాయం పనిచేయదు.

పెట్టెని చేతిలో పళ్లెంలా అడ్డంగా పట్టుకోవాలి. సంచి భుజాన వేలాడదీస్తే మెట్రో మెట్ల మీదే పేస్ట్రీ పక్కకి వాలిపోతుంది.

ఈ దశలోనే అయ్యంగార్ బేకరీ హనీ కేకు కూడా తూచాం. ముక్క 74 గ్రా. అందులో స్పాంజి 50, సిరప్ 12, పైన జామ్ 9, కొబ్బరి కోరు 3. పిండిపదార్థం 41 గ్రా., కొవ్వు 7 గ్రా., సుమారు 240 కేలరీలు. పైనాపిల్ పేస్ట్రీతో పోలిస్తే కొవ్వు సగం కూడా లేదు, చక్కెర ఎక్కువ. క్రీమ్ లేదు కాబట్టి ఫ్రిజ్ గొడవ లేదు. ధర మూడో వంతు. పరుగు ఆగిన అరగంటలో కండరాలకి కావాల్సింది దాదాపు ఇదే, పక్కన గ్లాసు పాలో మజ్జిగో ఉంటే ప్రొటీన్ కూడా కొంత అందుతుంది. ఈ కేకుకి నగరంలో దక్కాల్సిన గౌరవం దక్కడం లేదని మా గట్టి అభిప్రాయం.

ఆరోవారం కావాలనే దూరం తగ్గించాం. మూడు వారాలు పెంచితే ఒక వారం దించాలి. కేకుల కోసం ఆ వారాన్ని వదులుకోకూడదు.

ఇప్పటివరకు: పరుగు 175 కి.మీ. (32 + 34 + 28 కలిసి). కేకులు 11. ఖర్చు రూ. 845.

దశ 3 (7–9 వారాలు): మార్కుల గొడవ, జేబులో స్పాంజి, పాతబస్తీ దారి

ఇక్కడ రెండు సమస్యలు ఒకేసారి వచ్చాయి.

మొదటిది మార్కులు. దశ 2 కాగితాలు తిరగేస్తే అన్నిటికీ ఎనిమిదో తొమ్మిదో. 16 కి.మీ. తర్వాత చల్లగా, తియ్యగా ఏది నోట్లో పడినా అమృతమే, అలాంటి నాలుకతో వేసిన మార్కులు ఇంకొకరికి పనికిరావు. అందుకని ప్రతి కేకునీ సగానికి కోశాం. ఒక సగం పరుగు ఆగగానే, రెండో సగం ఫ్రిజ్‌లో పెట్టి అదేరోజు సాయంత్రం 5కి, షాపు పేరు మూసిపెట్టి. ముందు అంకె పరుగు కాగానే వేసింది, తర్వాతది సాయంత్రానిది:

పైనాపిల్: 8.5, 6
బ్లాక్ ఫారెస్ట్: 9, 6
మామిడి: 9, 7.5
హనీ కేకు: 8, 8
ఎండుపళ్ల కేకు: 7.5, 8
చాక్లెట్: 6.5, 7.5

సగటు 8.1 నుంచి 7.2కి దిగింది. అంతకంటే ముఖ్యం, తేడా అన్నిటికీ ఒకేలా లేదు. చల్లటివి, తడివి, పులుపు తగిలేవి పరుగు తర్వాత ఎక్కువ మార్కులు కొట్టేశాయి. గట్టిగా, పొడిగా, చేదు కలిసి ఉండేవి నష్టపోయాయి. నోరు ఎండిపోయి లాలాజలం తక్కువ ఉన్నప్పుడు చాక్లెట్ అంగిలికి అంటుకుపోతుంది, దాని రుచి విచ్చుకోదు. చాక్లెట్ ముక్కకి పరుగు కాగానే 6.5 వేసినందుకు ఆ బేకరీకి అన్యాయం చేశామనిపించింది.

అప్పటినుంచి పద్ధతి:

1. ఆగగానే 300 మి.లీ. నీళ్లు, చిటికెడు ఉప్పు వేసిన మజ్జిగ ఒక గ్లాసు.
2. 20 నిమిషాలు నడక, పిక్కల సాగదీత.
3. నోరు పుక్కిలించి మొదటి ముక్క. ముందు స్పాంజి ఒక్కటే, తర్వాత క్రీమ్ ఒక్కటే, చివర రెండూ కలిపి.
4. సాయంత్రం రెండో సగం. తుది మార్కు ఇదే.

రెండో సమస్య: లాంగ్ రన్ 16 దాటింది, రెండు గంటలకి దగ్గరవుతోంది. ఇప్పుడు మధ్యలో తిండి నిజంగానే కావాలి. మామూలుగా చెప్పే లెక్క గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం. జెల్ (పరుగులో తాగే చిక్కటి చక్కెర పాకం) బదులు కేకుతో ఇది కుదురుతుందా అని ఆదివారాలూ బుధవారాలూ కలిపి నాలుగుసార్లు చూశాం.

వెన్న ఎక్కువున్న టీ కేకు: గంటకి 40 గ్రా. పిండిపదార్థం చేరేసరికి కొవ్వు 15 గ్రా. దాటుతోంది. వదిలేశాం.
హనీ కేకు: లెక్క బాగుంది, చేతులూ బెల్టూ జిగురు. చీమలు కూడా పట్టాయి. వదిలేశాం.
ఎండుపళ్ల కేకు: తినడానికి బాగుంది, ద్రాక్ష తొక్కలు నమలడానికి ఊపిరి చాలదు.
జామ్ లేని, క్రీమ్ లేని సాదా స్పాంజి: కొవ్వు తక్కువ, చవక. కానీ పొడి. పరుగెత్తుతూ నోట్లో వేసుకుంటే పొడి గొంతుకి అడ్డంపడి ఇద్దరికీ దగ్గు వచ్చింది. ఇది ప్రమాదం, తేలిగ్గా తీసుకోవద్దు.

చివరికి కుదిరింది ఇలా:

1. సాదా స్పాంజిని ఒక్కో సెం.మీ. మందాన రెండు పలకలుగా కోసి, మధ్యలో పల్చగా జామ్ పూయాలి.
2. చిన్న చదరాలుగా కోస్తే ఒక్కోటి సుమారు 15 గ్రా. వస్తుంది.
3. రెండేసి చొప్పున బటర్ పేపర్‌లో చుట్టి, చివరలు మెలిపెట్టాలి, చాక్లెట్ కాగితంలా. జిప్ కవర్‌లో వేస్తే 5 కి.మీ.కే పొడి అవుతుంది. స్టీలు డబ్బా గలగలలాడి విసిగిస్తుంది. బిగుతు మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా బాగా పనిచేసింది.
4. 40వ నిమిషంలో మొదటి పొట్లం, ఆ తర్వాత 25 నిమిషాలకి ఒకటి. గంటకి 40 గ్రా. దాకా వస్తుంది.
5. తినేటప్పుడు 60 సెకన్లు నడవాలి, ముక్కకి ఒక గుక్క నీళ్లు. ఆ నిమిషంలో గుండె వేగం 150 నుంచి 128కి మాత్రమే దిగింది, తిరిగి పుంజుకోవడానికి ఇబ్బంది లేదు.

డబ్బాకి ఇంకో బెడద వీధి కుక్కలు. ఐదింటికి ముందు గల్లీల్లో వాసన పట్టి వెంటపడ్డాయి. వేగం పెంచకూడదు, ఆగి నడవాలి. డబ్బా మూత ప్రధాన రోడ్డు మీదే తెరవాలి.

తొమ్మిదో వారం దారి: పీపుల్స్ ప్లాజా, ఖైరతాబాద్, లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి, మోజంజాహీ మార్కెట్, అక్కడినుంచి అఫ్జల్‌గంజ్, నయాపూల్ మీదుగా చార్మినార్, మళ్లీ అదే దారి వెనక్కి, నెక్లెస్ రోడ్డు మీద కొసరు. మార్కెట్ దాకా సుమారు 5 కి.మీ., అక్కడినుంచి చార్మినార్ సుమారు 3. ఈ దారి మేలు ఏమిటంటే ఖైరతాబాద్ నుంచి గాంధీభవన్ దాకా మెట్రో ఎర్ర లైన్ నెత్తిమీదే ఉంటుంది, ఒళ్లు సహకరించకపోతే ఏ స్టేషన్ దగ్గరైనా మానేయొచ్చు. కీడు కూడా అదే. వంతెన కింద జీపీఎస్ సిగ్నల్ ఊగిసలాడి, వెళ్లేటప్పుడు 5.4 చూపించిన ముక్కే వచ్చేటప్పుడు 5.0 చూపించింది. ఇక్కడ వాచీ చూపించే పేస్‌ని (కిలోమీటరుకి పట్టే సమయాన్ని) నమ్మొద్దు, గుండె వేగం చూసి పరుగెత్తండి.

చార్మినార్ చుట్టూ పరిచిన రాళ్లు తడిస్తే జారతాయి. జులై వాన తర్వాత అక్కడ 400 మీటర్లు నడిచాం.

బేకరీల విషయంలో ఈ దారి నగరంలోకెల్లా గొప్పది. మోజంజాహీ మార్కెట్ దగ్గర 1953 నుంచి ఉన్న కరాచీ బేకరీ, నాంపల్లిలో సుభాన్ బేకరీ, చార్మినార్ పక్కనే నిమ్రా. ఉస్మానియా బిస్కెట్ కేకు కాదు కాబట్టి మార్కులు వేయలేదు. అయితే తూచాం: ఒక్కోటి 12 గ్రా. దగ్గర. ఉప్పు తగులుతుంది కాబట్టి చెమటోడ్చిన నోటికి ఎంతో హాయి. వెన్న ఎక్కువ, రాలుతుంది. కనక చివర్లో చాయ్‌తో మాత్రమే. మొహర్రం రోజుల్లో దొరికే దమ్ కా రోట్ కూడా అంతే. రవ్వ, నెయ్యి, ఎండుపళ్లు కలిసి బరువైన తిండి. పరుగయ్యాక ఒకటి ఇద్దరికి చాలు.

చెమట లెక్క: 95 నిమిషాల పరుగుకి ముందు 68.0 కిలోలు, తర్వాత 66.7. మధ్యలో తాగింది 400 మి.లీ. అంటే పోయింది 1.7 లీటర్లు. కేకు ఎంత తిన్నా ఇది పూడదు. అందుకే మజ్జిగ ముందు, కేకు తర్వాత.

ఇప్పటివరకు: పరుగు 289 కి.మీ. (36 + 38 + 40 కలిసి). కేకులు 17. ఖర్చు రూ. 1,525.

దశ 4 (10–12 వారాలు): ఎక్కుడు, విశ్రాంతి, పోటీ

 పోటీ హుస్సేన్‌సాగర్ ఒడ్డున మొదలై జూబ్లీహిల్స్ వైపు ఎక్కి గచ్చిబౌలిలో ముగుస్తుంది. నెక్లెస్ రోడ్డు చదునులో ఎంత పరుగెత్తినా ఈ ఎక్కుడుకి కాళ్లు సిద్ధం కావు. పదోవారం బుధవారం పరుగుని కేబీఆర్ పార్కు బయటి చుట్టుకి మార్చాం. చుట్టు ఐదు కిలోమీటర్లు దాటే ఉంటుంది, ఎత్తుపల్లాలు వరసగా వస్తాయి. ఎక్కేటప్పుడు పేస్ వదిలేసి గుండె వేగం 155 దాటకుండా చూసుకున్నాం.

అక్కడినుంచి జూబ్లీహిల్స్ పేస్ట్రీ షాపులు దగ్గర. రెండు ఖరీదైన ముక్కలు (రూ. 290, 320) కొత్త పద్ధతిలో రుచి చూశాం: పరుగు తర్వాత 8, 8.5, సాయంత్రం పరుగు కాబట్టి రెండో సగం మర్నాడు, 8, 8. మజ్జిగ, 20 నిమిషాల నిరీక్షణ వల్ల రెండు అంకెలూ దగ్గరికొచ్చాయి. పాత పైనాపిల్, బ్లాక్ ఫారెస్ట్ మళ్లీ కొని ఇదే పద్ధతిలో చూస్తే అన్ని మార్కులూ 6, 6.5 మధ్యే. మొదట్లో వేసిన 9 కొట్టేశాం.

ఈ దశలో జరిగిన తప్పు ఒకటుంది. పదకొండో వారం శనివారం రాత్రి అన్నం తగ్గించి దాని బదులు పేస్ట్రీ తిన్నాం, "కేలరీలు ఒకటే కదా" అని. మర్నాడు 14 కి.మీ.లో పదో కిలోమీటరు నుంచి కాళ్లు బరువెక్కాయి. కేలరీలు సమానమైనా పిండిపదార్థం సమానం కాదు, పేస్ట్రీ కేలరీల్లో సగం కొవ్వువే. ముందు రాత్రి పప్పన్నం, పెరుగు, అంతే.

పోటీ రోజు:

1. స్పాంజి పొట్లాలు నాలుగు. 40, 65, 90, 115 నిమిషాలకి తిన్నాం.
2. నీళ్లు దారిలో ఇచ్చినచోటల్లా ఒక గ్లాసు, రెండుసార్లు ఓఆర్‌ఎస్.
3. ముగింపు కేకు: హనీ కేకు. శనివారం సాయంత్రం కొని డబ్బాలో పెట్టి సామాన్ల కౌంటర్‌లో ఇచ్చాం. క్రీమ్ ఉన్నదేదీ ఐదు గంటలు బయట ఉండకూడదు, అందుకే క్రీమ్ కేకులన్నీ పోటీలో లేకుండా పోయాయి.

సమయాలు: 2:23, 2:31. డొక్కలో పోటు ఇద్దరికీ రాలేదు. ఒకరికి చివరి ఎక్కుడులో తొడ పట్టేసింది, 300 మీటర్లు నడక. రెండో ఓఆర్‌ఎస్ ఆలస్యంగా తాగడమే కారణమని అనుకుంటున్నాం, వచ్చేసారి 60వ నిమిషానికే తాగాలి.

మొత్తం: పరుగు 394.1 కి.మీ. (42 + 30 + 33.1 కలిసి). కేకులు 21. ఖర్చు రూ. 2,340. బరువు 68.0 నుంచి 67.4కి, రెండోవారిది 55 దగ్గరే ఉంది.

హనీ కేకు మార్కు: గచ్చిబౌలి స్టేడియంలో 8.5. సాయంత్రం 5కి, ఇంట్లో, 8.